అంగుళం తినేసిన గజంబద్ద

మా వంటింట్లో ఫ్రిజ్ దాని గూట్లోకి పోదు. ఆ గూడు దానికోసమే కట్టాడు మా ఆయన హోబర్ట్, 1961లో. కేటలాగులో వెడల్పు చూసి, గజంబద్ద పెట్టి కొలిచి, పక్కన అరంగుళం వదులు కూడా వదిలి మరీ కట్టాడు. తీరా ఫ్రిజ్ వచ్చాక అది పట్టలేదు. నలుగురు మగాళ్లు చెమటలు కక్కుతూ తోశారు, పక్కకి తిప్పి తోశారు, దేవుడు వినకూడని మాటలు అన్నారు. ఆఖరికి గూటి ముందు నిలబెట్టి చేతులు దులుపుకున్నారు. ఇవాళ్టికీ అది అక్కడే, పిలవని పేరంటానికి వచ్చినదానిలా గుమ్మంలో నిలబడి ఉంటుంది. గూట్లో నేను బంగాళాదుంపల బస్తా, చీపుళ్లు పెట్టుకున్నాను.

"చూశావా ఆర్డీ, ఫ్యాక్టరీ వాళ్లకి కొలవడం రాదు," అన్నాడు హోబర్ట్ ఆ రోజు. ఆర్డెత్ అన్న నా పేరుని ఆయన అలా పిలిచేవాడు.

"అవునయ్యా," అన్నాను నేను.

ఆ ఒక్క 'అవునయ్యా'ని ముప్పై మూడేళ్లు మోశాను. ఎందుకంటే తప్పు ఫ్యాక్టరీది కాదు, హోబర్ట్‌దీ కాదు. నాది.

అది చెప్పాలంటే పెళ్లయిన మొదటి చలికాలానికి పోవాలి. మాది వెస్ట్ వర్జీనియా కొండల్లో లారెల్ ఫోర్క్ అనే లోయ. హోబర్ట్ బొగ్గు గనిలో పనిచేసేవాడు, ఇంటికొచ్చాక చెక్కపని చేసుకునేవాడు. మా మామగారు పోతూ కొడుక్కి రెండే ఇచ్చారు. ఒంటిగొట్టం తుపాకి ఒకటి, మేపుల్ చెక్క గజంబద్ద ఒకటి. రెండు కొసలకీ ఇత్తడి తొడుగులు. దాని మీద మొదటి రెండు మూడు అంకెల్ని మామగారి బొటనవేలు ఏనాడో తినేసింది. హోబర్ట్ దాన్ని గుడ్డలో చుట్టి గోడకి తగిలించుకునేవాడు. నన్ను కూడా అంత భద్రంగా చూసుకున్నాడో లేదో అనుకునేదాన్ని.

ఆ చలికాలంలో ఒకరోజు పొయ్యి తలుపు బిగుసుకుపోయింది. హోబర్ట్ గనికెళ్లాడు. చేతికేది అందితే దాంతో తోశాను. అందింది అదే. తలుపు తెరుచుకుంది గానీ బద్ద కొస లోపలికి జారి చిటపటలాడింది. లాగేసరికి కొస బొగ్గయింది. నాకు పద్దెనిమిదేళ్లు. అత్తగారు పక్క ఇంట్లో. ఏడుస్తూ రొట్టెలు కోసే కత్తితో మాడినంత మేరా కోసేశాను, సరిగ్గా అంగుళం గీత దగ్గర. ఇటుక పెట్టి నున్నగా రుద్దాను. ఇత్తడి తొడుగు మళ్లీ తొడిగి రెండు చిన్న మేకులు కొట్టాను. సాయంత్రం హోబర్ట్ దాన్ని తీసి చూశాడు, మళ్లీ తగిలించాడు. నేను రెండు గిన్నెల పాయసం చేశాను ఆ రోజు. ఎందుకని అడిగితే, ఊరికే అన్నాను.

రేపు చెబుదాం అనుకున్నాను. అది వారం అయింది, ఏడాది అయింది. ఇంకో సంగతి చెప్పనా, అంగుళం పోయినా ఇంట్లో ఏదీ తేడా రాలేదు. గుమ్మం ఆ బద్దతోనే కొలిచాడు, తలుపూ ఆ బద్దతోనే కొలిచి కోశాడు. రెండూ కలిసిపోయాయి. మా ఇంట్లో చేసినవన్నీ ఒకదానికొకటి అమరాయి. బయటినుంచి అంకె వచ్చినప్పుడే అంగుళం తగ్గేది. ఫ్రిజ్ వచ్చినప్పుడు, స్నానాల తొట్టి వచ్చినప్పుడు, కొన్న కిటికీలు వచ్చినప్పుడు. కొన్న పరుపైతే మంచంలో ఇరుక్కుని మధ్యలో లోతు పడింది. ముప్పై తొమ్మిదేళ్లు ఇద్దరం నడిమికే దొర్లుకుంటూ పడుకున్నాం. కొన్ని పోట్లాటలు ఆ లోతువల్లే తెల్లారేసరికి సద్దుకున్నాయి, అబద్ధమెందుకు.

నా కుట్టుపని పెట్టెలో గుడ్డ టేపు ఒకటి ఉండేది. అది సరైనదే. దాని సంగతి ఆయనకి చెప్పలేదు. మనవలు ఎవరైనా ఉక్కు టేపు కొనిస్తే, "ఇనుము ఎండకి సాగుతుంది," అని ఎవరికో ఒకరికి ఇచ్చేసేవాడు.

ఇక తుపాకి సంగతి. మా లోయకి పోలీసు రావాలంటే, బయల్దేరాడంటేనే నలభై నిమిషాలు. పాముకీ నక్కకీ ఆ నలభై నిమిషాలు ఆగమని మేం చెప్పగలమా? చలికాలమంతా తినే మాంసం నవంబరులో హోబర్ట్ కొట్టుకొచ్చిన జింకే. ఆయనకి పెద్ద రైఫిల్ ఉంది. మామగారి ఒంటిగొట్టం నాది. వంటింటి తలుపు వెనక నిలబెట్టుకుంటాను. కోళ్లగూటి దగ్గర రాగితల విషప్పాము కనబడితే నేను ఎవర్నీ పిలవను.

1994 వసంతంలో నక్కని తరుముతూ గట్టు ఎక్కుతుంటే కాలు జారింది. తుపాకి మూతి బురదలో దిగింది. నేను చూసుకోలేదు, కాల్చేశాను. గొట్టం కొస పువ్వులా విచ్చుకుంది. నక్క నా వంక చూసి నింపాదిగా వెళ్లిపోయింది. హోబర్ట్ పరిగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని వేళ్లు లెక్కపెట్టాడు. పది. మళ్లీ లెక్కపెట్టాడు.

"పదే ఉన్నాయిలే, పెళ్లినాడు ఎన్నున్నాయో అన్నే," అన్నాను.

"నోరు మూసుకో పిల్లా," అన్నాడు. మూడోసారి లెక్కపెట్టాడు.

పగులు చాలా లోపలికి పోయింది. దాని కిందకి కోయాల్సిందే. ఎలాగూ నాకా తుపాకి మూతి బరువు, భుజం లాగేసేది. షెడ్డులో కూర్చుని ఇనుప రంపంతో కోసి, ఆకురాయితో నున్నగా చేసి, తెచ్చి నా భుజానికి ఆనించాడు. "అమరిందా?" అన్నాడు. అమరింది. చంటిపిల్లలా అమరింది. అంతే నాకు తెలిసింది. చట్టంలో ఆ గొట్టానికి ఒక అంకె ఉందని నాకు తెలియదు. ఆయనకి తెలుసు.

సెప్టెంబరులో ఒక ఆదివారం మేం చర్చికి వెళ్లినప్పుడు ఎవడో ఇంట్లో దూరి ఆ తుపాకి, నా రేడియో ఎత్తుకుపోయాడు. హోబర్ట్ స్వయంగా వెళ్లి ఫిర్యాదు రాయించాడు. షెరీఫ్ ఆఫీసులో డిప్యూటీ మా ఆడపడుచు కొడుకే, రాండల్. పదమూడో రోజు ఫోన్ చేశాడు, పట్నంలో తాకట్టు కొట్లో తుపాకి దొరికిందని, దొంగ కూడా దొరికాడని. నేను ఎండు ఆపిల్ ముక్కలు ఉడికించి కజ్జికాయలు వేయించాను. మేనల్లుడు మన వస్తువు పట్టిస్తే వట్టి చేతుల్తో వెళ్తామా?

వెళ్లేసరికి రాండల్ లేచి నిలబడ్డాడు. "అక్కడ పెట్టు అత్తయ్యా," అన్నాడు గానీ గిన్నెవైపు చూడలేదు. కజ్జికాయలంటే ప్రాణం పెట్టేవాడు వాడు. ఏదో ఉందని అప్పుడే అనుకున్నాను.

బల్ల వెనక ఇంకో అతను కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, ఇస్త్రీ చొక్కా, పేరు కెస్లర్ అన్నాడు. కేంద్రం తరఫున తుపాకుల చట్టం చూసే ఆఫీసట. ముందర మా తుపాకి.

"ఇది మీదేనాండీ?" అన్నాడు.

"నాదే," అన్నాడు హోబర్ట్. "మా నాన్నది, అంతకుముందు తాతది. ఆ చెక్క మీద సొట్ట చూడు, కంచరగాడిద తన్నినప్పుడు పడింది."

"గొట్టం ఎవరు కోశారండీ?"

"నేనే!" అన్నాడు హోబర్ట్ ఛాతీ పెంచి. "వేలు పెట్టి చూడు, ఎక్కడైనా గరుకు తగుల్తుందేమో."

"మావయ్యా, కాస్త ఆగు," అన్నాడు రాండల్.

"ఎందుకాగాలిరా? చేతిపని చెప్పుకోడానికి సిగ్గా?"

కెస్లర్ గొట్టంలోకి సన్న కర్ర దింపాడు, మూతి దగ్గర గీత పెట్టాడు, కర్ర బయటికి తీసి టేపు పరిచాడు. "పదిహేడున్నర అంగుళాలు. చట్టం ప్రకారం పద్దెనిమిదికి తగ్గకూడదండీ. తగ్గితే ముందే నమోదు చేయించి అనుమతి తీసుకోవాలి. లేకపోతే నేరం."

"పద్దెనిమిదిన్నర," అన్నాడు హోబర్ట్. "నాకు చట్టం తెలుసు. అందుకే అరంగుళం ఎక్కువ ఉంచాను. నేనూ కర్ర దింపే కొలిచాను. నీ టేపు పాడైంది నాయనా."

"ఇది ప్రభుత్వం టేపండీ."

"అదే నేనూ చెప్పేది!"

రాండల్ దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. నాకు నవ్వు రాలేదు. పదిహేడున్నర, పద్దెనిమిదిన్నర. మధ్యలో ఒక్క అంగుళం. ముప్పై తొమ్మిదేళ్ల కిందట నేను పొయ్యిలో వేసిన అంగుళం.

"బాబూ, ఆయన నా భుజానికి బరువని కోశాడు," అన్నాను కెస్లర్‌తో. "దొంగ ఎత్తుకుపోతే వచ్చి చెప్పుకున్నది కూడా ఆయనే. దాచుకునే మనిషైతే వచ్చి చెబుతాడా?"

అతను చెడ్డవాడు కాదు. తలెత్తి నా మొహంలోకి చూశాడు. "అమ్మా, మా ఫారంలో పొడవు రాయడానికి గడి ఉంది. ఎందుకు అనేదానికి గడి లేదు."

కజ్జికాయలు గిన్నెతో సహా అక్కడే వదిలేసి వచ్చేశాం.

దొంగకి తొంభై రోజులు వేశారు. నలభై రోజులకే బయటికొచ్చి మా రోడ్డు మీద పోతూ చెయ్యి ఊపాడు. హోబర్ట్‌కి ఎంత పడవచ్చో లాయరమ్మ నోరీన్ చెప్పింది. పదేళ్ల దాకా. ఆయనకప్పుడు అరవై రెండు.

నోరీన్ మా వంటింట్లోనే కూర్చుని, ఫ్రిజ్‌కి మోకాలు తగలకుండా ఒదిగి చెప్పింది. "ప్రభుత్వం వాళ్లు ఒక మాటకి వచ్చారు. నేరం ఒప్పుకుంటే జైలు లేదు. కానీ జన్మలో తుపాకి ముట్టకూడదు. ఇంట్లో కూడా ఉండకూడదు, ఆర్డెత్ గారిది కూడా."

"మరి జింక?" అన్నాడు హోబర్ట్.

"జింకా లేదు, ఏదీ లేదు."

"ఒప్పుకోకపోతే?"

"అది పొట్టిదని మీకు తెలిసే ఉంచుకున్నారని వాళ్లు చూపించాలి. మీకు తెలియదని మనం నమ్మించగలిగితే గెలుస్తాం. కానీ హోబర్ట్ గారూ, నేనే కోశానని మీరే చెప్పారు, చట్టం తెలుసని కూడా మీరే చెప్పారు. మనిషి తలలో ఏముందో ఎలా చూపిస్తాం?"

"నా గజంబద్ద కోర్టుకి తెస్తా. బైబిలు మీద చెయ్యి వేసి అందరి ముందూ కొలుస్తా. ఎవడి టేపు తప్పో లోకం చూస్తుంది!"

నేను లేచి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

చట్టం మీద నాకు కోపం లేదు. పేరంటానికి తుపాకి తెచ్చేవాణ్ణి, కొట్టుకి ముసుగు వేసుకొచ్చేవాణ్ణి పట్టుకోవాల్సిందే. కానీ మా ఆయన ఎవర్ని దోచాడు? ఎవరికి గురి పెట్టాడు? కొండల్లో మా పెద్దలు తుపాకి పక్కన పెట్టుకునే పిల్లల్ని పెంచారు, అది మా హక్కని రాసిపెట్టి ఉంది. దొంగకీ దొరకీ తేడా తెలుసుకోడానికి వాళ్ల దగ్గర టేపు తప్ప ఇంకేమీ లేకపోతే, ఆ టేపు చేత్తో పట్టుకున్నవాడు కళ్లు కూడా తెచ్చుకోవాలి కదా. చర్చిలో అందరూ ఇదే అన్నారు. "రాజ్యాంగంలో అంగుళాల లెక్క ఎక్కడుందో చూపించమనండి," అని పాస్టరు గారి భార్య కూడా అంది, ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు.

కానీ చర్చిలో ఎవరికీ తెలియని సంగతి నాకు తెలుసు. హోబర్ట్ ఆ బద్ద పట్టుకుని కోర్టులో నిలబడితే, కెస్లర్ తన టేపు పక్కన పరుస్తాడు. జనమంతా నవ్వుతారు. ముప్పై మూడేళ్లు ఫ్యాక్టరీలని తిట్టిన మనిషి బద్దే పొట్టిదని తెలిసి, మా వాళ్లు కూడా నవ్వుతారు. చెప్పకపోతే జైలు. చెప్తే ఆయన పరువు. ఏ చేత్తో చేసినా తప్పు నాదే.

మర్నాడు పొద్దున హోబర్ట్ బల్ల మీద బద్ద పరుచుకుని అవిసె నూనె రాస్తున్నాడు, కోర్టుకి మెరవాలని. ఇత్తడి తొడుగు రుద్దుతున్నాడు. నేను కాఫీ పోసి ఎదురుగా కూర్చున్నాను.

"ఏవయ్యా, ఆ తొడుగు తియ్యి," అన్నాను.

"ఎందుకే?"

"తియ్యి. రెండు మేకులే. అవి మీ నాన్న కొట్టినవి కావు, నేను కొట్టినవి."

నా వంక చూశాడు. చాకు మొనతో మేకులు పీకాడు. తొడుగు ఊడింది. కింద నా కత్తి గాట్లు, ఒక మూల ఇంకా నల్లగా మాడిన మచ్చ. వేలు పెట్టి ఆ మచ్చ తడిమాడు.

చెప్పేశాను. పొయ్యి తలుపు, కత్తి, ఇటుక, రెండు గిన్నెల పాయసం. చెప్పినకొద్దీ ఏడుపొచ్చింది. ఆయన లేచి నా కుట్టుపెట్టె దగ్గరికెళ్లి గుడ్డ టేపు తీశాడు. అది అక్కడ ఉందని ఆయనకి తెలుసునని నాకు తెలియదు. ఫ్రిజ్ గూటి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. తర్వాత స్నానాల గదిలోకి వెళ్లాడు. కిటికీ, కిటికీకి తిరిగాడు. చివరికి పడగ్గదిలోకి వెళ్లాడు. నేను కదల్లేదు. నా కాఫీ మీద మీగడ కట్టింది.

వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అయితే ఫ్రిజ్ సరైనదే."

"సరైనదే."

"తొట్టి?"

"అదీ."

"పరుపు?"

"పరుపూ సరైనదే. మంచమే..."

"మంచం జోలికి పోకు," అన్నాడు. "మంచం బానే ఉంది."

నాకప్పుడు కాస్త ఊపిరి వచ్చింది. ఆయన కుర్చీలో కూలబడి తల పట్టుకున్నాడు. "ఓరి దేవుడా. ఎన్ని ఉత్తరాలు రాశాను ఆ ఫ్యాక్టరీలకి! ఎన్నేసి మాటలన్నాను! కిటికీల కంపెనీ వాణ్ణి గాడిద అన్నాను పిల్లా. పాపం వాళ్లు మర్యాదస్తులు గనక ఒక్కడూ జవాబివ్వలేదు."

ఇది రెండో సంగతి. ఇదీ చెప్పక తప్పలేదు. అలమర పైనుంచి బిస్కెట్ల డబ్బా దింపాను. మూత తీసి ఆయన ముందు పెట్టాను. పదకొండు ఉత్తరాలు. అంటించిన కవర్లు అంటించినట్టే, స్టాంపులతో సహా. 1961 ఫ్రిజ్ కంపెనీకి, 1964 తొట్టి వాళ్లకి, 1968 కిటికీలకి, అలా. పోస్టుమాన్ పట్టుకెళ్లడానికని ఆయన మా ఇంటి ముందు పోస్టు డబ్బాలో వేసి వెనక్కి తిరగ్గానే నేను కోళ్లకి గింజలు వేసే నెపంతో వెళ్లి ఏప్రాన్‌లో వేసుకొచ్చేదాన్ని. తప్పు నాదైతే వాళ్లని తిట్టించడం ఎందుకని.

హోబర్ట్ డబ్బా వంక చూశాడు. నా వంక చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. గనిలో పాడైన ఊపిరితిత్తులు, ఆ నవ్వు దగ్గులోకి దిగి మళ్లీ నవ్వులోకి ఎక్కింది. "ఇంకేమైనా ఉందా? మన పెళ్లి కూడా నిజంగా జరిగిందా?"

"జరిగింది. దానికి సాక్షులున్నారు."

"ఇవన్నీ నువ్వు కోర్టులో చెబుతావా?"

"చెబుతాను. కానీ జనం నవ్వుతారయ్యా. నీ బద్దని చూసి నవ్వుతారు."

ఆయన తొడుగుని అరచేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. ఆ నిమిషం నాకు ఆ చలికాలం మొత్తంకన్నా పెద్దగా ఉంది. "నువ్వు ఒక అంగుళాన్ని దాచుకోడానికి ఇన్నేళ్లు 'అవునయ్యా' అన్నావు," అన్నాడు చివరికి. "నేను ఒక పూట నవ్వులపాలు కాలేనా? లాయరమ్మకి ఫోన్ చెయ్యి."

నోరీన్ పట్టుబట్టి కెస్లర్‌ని మా ఇంటికి రప్పించింది. "మా ఇంటికొచ్చి కొలవండి, అంతే," అంది. అతను ఒక గురువారం మధ్యాహ్నం వచ్చాడు. వెంట రాండల్ కూడా వచ్చాడు, ఈసారి గుమ్మంలోనే కజ్జికాయలున్నాయా అని అడిగాడు.

హోబర్ట్ ముందుగా ఫ్రిజ్ గూట్లోంచి బంగాళాదుంపల బస్తా లాగాడు. గూటి లోపలి చెక్క మీద ఆయన పెన్సిలు రాత ఇంకా ఉంది, 30½ అని, కింద తేదీ. కొలిచినవి చెక్క మీదే రాసుకునే అలవాటు ఆయనకి. కెస్లర్ టేపు పరిచాడు. ఇరవై తొమ్మిదిన్నర. రాసుకున్నాడు. తొట్టి వెడల్పు దగ్గర ముప్పై ఒకటి అని రాత, టేపు చెప్పింది ముప్పై. కిటికీ చట్రం దగ్గరా అంతే. ప్రతిచోటా సరిగ్గా అంగుళం, ఇటు కాదు అటు కాదు. మూడో కిటికీ దగ్గర కెస్లర్ టేపు వేయకముందే తనే అంకె చెప్పాడు, తర్వాత కొలిచి చూసుకున్నాడు.

"ఇక షెడ్డులోకి రా," అన్నాడు హోబర్ట్.

అక్కడ గొట్టంలోకి దింపిన కర్ర మూలన ఇంకా ఉంది. ఆయన ఏదీ పారేయడు, ఆ గుణం మీద నేను ఎన్నిసార్లు అరిచానో. కర్ర మీద గీత, గీత పక్కన పెన్సిలుతో 18½, ఏప్రిల్ అని. అంకె కింద రెండు గీతలు కూడా కొట్టాడు, తప్పు రాకూడదని. కెస్లర్ కర్రని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. కొలిచాడు. పదిహేడున్నర.

వంటింట్లోకి తిరిగి వచ్చాక బిస్కెట్ల డబ్బా ముందు పెట్టాను. "విప్పు బాబూ. అంటించినవి ఇన్నేళ్లూ ఎవరూ విప్పలేదు."

1968 ఉత్తరం విప్పి పైకి చదివాడు. "'అయ్యా, మీ కిటికీ అంగుళం పెద్దది. ఇది మూడోసారి. మా లోయలో అయిదో తరగతి పిల్లాడు కూడా ఇంతకంటే బాగా కొలుస్తాడు. మీ గాడిదల్లో ఒకణ్ణి పంపించండి, నేర్పిస్తాను. భోజనం మా ఇంట్లోనే. ఇట్లు, హోబర్ట్.'"

రాండల్ కజ్జికాయ గొంతుకడ్డం పడి దగ్గాడు. కెస్లర్ మాత్రం పెదాలు బిగించుకుని రెండోది విప్పాడు, మూడోది విప్పాడు. ఏడో ఉత్తరానికి అతని భుజాలు ఊగాయి. ఎర్రబడ్డ మొహంతో కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. హోబర్ట్ కూడా నవ్వుతున్నాడు, నేను భయపడిన నవ్వు కాదది.

"ఇవి తీసుకెళ్లొచ్చాండీ?" అన్నాడు కెస్లర్.

"తీసుకెళ్లు. కానీ తిరిగివ్వాలి. మా ఆవిడ దాచుకున్నవి."

అతను లేస్తూ నాతో అన్నాడు, "ఎందుకు అనేదానికి గడి లేదన్నాను కదమ్మా. ఫారం వెనకవైపు ఖాళీ ఉంటుంది."

నవంబరులో జింకల వేట మొదలవడానికి ఆరు రోజుల ముందు నోరీన్ ఫోన్ చేసింది. కేసు ఎత్తేశారు. రైఫిల్ ఆయనకి ఉంటుంది, ఇల్లు మాది మాకు ఉంటుంది. పొరపాటైందని మాత్రం ఎవరూ అనలేదు. మా దొంగ ఆ పాటికి ఇంకో ఊళ్లో ఇంకెవరి రేడియోనో ఎత్తుకుని ఉంటాడు.

తుపాకిని కెస్లరే అట్టపెట్టెలో పెట్టి తెచ్చాడు. చెక్క ఉంది, కంచరగాడిద తన్నిన సొట్ట ఉంది, ట్రిగ్గర్ ఉంది. గొట్టం లేదు. పొట్టి గొట్టం తిరిగివ్వకూడదట, కోసి ముక్కలు చేశారట. మామగారి చెయ్యి ఎన్నో ఏళ్లు పట్టుకున్న ఇనుము అది. హోబర్ట్ కాసేపు ఆ ఖాళీ వంక చూశాడు. తర్వాత, "భోంచేసి వెళ్లు," అన్నాడు అతనితో. బీన్స్ ఉడకబెట్టి ఉన్నాయి, మొక్కజొన్న రొట్టె చేశాను. ఫారం వెనక మూడు పేజీలు రాశానని చెప్పాడు కెస్లర్, రెండోసారి రొట్టె వడ్డించుకుంటూ.

కొత్త గొట్టం పోస్టులో తెప్పించాం. పెట్టె విప్పి హోబర్ట్ నన్ను కేకేశాడు. "పిల్లా, నీ టేపు పట్రా." బయటినుంచి అంకె వచ్చిన ప్రతిసారీ ఇప్పుడంతే. ఇంట్లో పనికి మాత్రం ఆ పాత బద్దే. కొత్తది కొందామా అంటే, "ఇల్లంతా దానికి అలవాటు పడింది, ఇప్పుడెందుకు?" అంటాడు.

నేను కర్ర దింపాను, టేపు పరిచాను. ఇరవై అంగుళాలు, కాగితం మీద రాసినంతే. ఆయన దాన్ని తుపాకికి బిగించి ఇస్తే నా భుజానికి ఆనించుకున్నాను. పాతదానంత కాదు గానీ, అమరింది.

ఆయన కాగితం తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. నాలుక కొస పెదవి మీదకి తెచ్చి, మెల్లగా రాశాడు. నాకు చూపించాడు. "అయ్యా, మీరు పంపిన గొట్టం సరిగ్గా చెప్పినంతే ఉంది. మీరు బాగా కొలిచారు. ఇట్లు, హోబర్ట్."

కవరు అంటించి, స్టాంపు అతికించి నా చేతిలో పెట్టాడు.

"దీన్ని మాత్రం పోస్టు చెయ్యి," అన్నాడు.